దేవుడి తరఫున వకాల్తా

భైంసా చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో సంవత్సరం ఉగాదితో మొదలైనా బతుకు లెక్క మాత్రం మిరుగుతోనే మొదలవుతుంది. జూన్ మొదటి వారం గడిచి మృగశిర కార్తె ప్రవేశించిందంటే పత్తి గింజలు, సోయా విత్తనాలు ఇంటికి చేరి ఉండాలి. తొలివాన పడి నేల పదునెక్కగానే గింజ పెట్టేస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతే. రెండో వాన పది, పదిహేను రోజులు మొహం చాటేస్తే మొలక మట్టిలోనే మాడిపోతుంది. మళ్లీ విత్తనాల ప్యాకెట్లు కొనాలి, మళ్లీ కూలీలను పిలవాలి, అడ్తి వ్యాపారి పద్దులో ఇంకో అంకె చేరుతుంది. ఆరుద్ర కార్తె కూడా పొడిగా వెళ్లిపోతుంటే ఊళ్లో నలుగురు కూర్చున్న ప్రతి చోటా ఒకటే ప్రశ్న: దేవుడు చూస్తున్నాడా, లేదా? దానికి ఊళ్లోనే రెండు జవాబులు తయారుగా ఉంటాయి. అంతా మన మంచికే అన్నది ఒకటి. ఎవరి కర్మకు ఎవరు కర్తలు అన్నది రెండోది. ఒకటి తియ్యగా ఉంటుంది, ఇంకొకటి చేదుగా ఉంటుంది, కానీ రెండూ చేసే పని ఒక్కటే. ఆలస్యానికి దేవుడి తరఫున కారణం చూపిస్తాయి. దేవుడి మీద నమ్మకానికి ఈ కారణాలతో పని లేదని నా వాదన. ఇంకో మాట కూడా అంటాను. కారణం చెప్పి ఊరడించిన ప్రతిసారీ నమ్మకం కొంచెం పలచబడుతుంది, ఎందుకంటే అప్పటి నుంచి మనిషి నమ్మేది దేవుణ్ని కాదు, ఆ కారణాన్ని.

ఈ మాట కొత్తదేం కాదు, దీనికి సాక్ష్యం మతగ్రంథాల్లోనే ఉంది. బైబిల్లో యోబు కథ చాలామందికి ఓర్పు కథగానే తెలుసు. చదివినవాళ్లకు అది ఓర్పు కన్నా కోపమే ఎక్కువున్న కథ అని తెలుస్తుంది. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న ఆయన దగ్గరికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు రోజులు నోరు తెరవకుండా పక్కన కూర్చున్నారు. అంతవరకు వాళ్లు చేసింది మంచి పని. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టి, నువ్వేదో తప్పు చేసి ఉంటావు, దేవుడు ఊరికే ఇట్లా చెయ్యడు అని అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు. యోబు ఒప్పుకోలేదు. తాను పుట్టిన రోజునే శపించాడు, దేవుడే వచ్చి తనకు జవాబు చెప్పాలన్నాడు. చివరికి దేవుడు మాట్లాడినప్పుడు తప్పు పట్టింది ఎవరిని? తన తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించిన ముగ్గురినే. తన మీద కేసు వేసినంత పని చేసిన యోబే సరిగ్గా మాట్లాడాడని అన్నాడు. అయినా యోబుకు తన కష్టానికి కారణం మాత్రం చెప్పలేదు. ఖురాన్‌లో యూసుఫ్ సూరా కూడా ఇలాంటి చోటికే తీసుకెళ్తుంది. కొడుకు తప్పిపోయిన యాకూబ్ అందమైన ఓర్పు గురించి మాట్లాడతాడు, కానీ ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు తెల్లబడిపోయాయని కూడా ఆ సూరాయే చెబుతుంది. ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తావని ఇంట్లోవాళ్లు అంటే, నా గోడు నేను అల్లాకే చెప్పుకుంటున్నానని ఆయన బదులు. భైంసాలో సబర్ అనే మాట మసీదు గడప దగ్గర ఆగిపోదు, హిందూ ఇళ్లలోనూ వాడతారు. ఆ మాటకు నోరు మూసుకోవడం అని అర్థం చెప్పేవాళ్లు యాకూబ్ కళ్లను మర్చిపోతున్నారు.

మనకు దగ్గరలోని బాసరలో ఇదే సంగతి ఇంకో రకంగా ఉంది. కురుక్షేత్రం ముగిశాక మనసు నిలవక వ్యాసుడు గోదావరి ఒడ్డుకు వచ్చాడని, రోజూ నదిలో స్నానం చేసి మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి ముగ్గురు దేవతల రూపాలు చేశాడని అక్కడి స్థలపురాణం. ఇది చరిత్రా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఒక జాతి తన నిస్పృహను ఎలా ఊహించుకుందన్నదే ప్రశ్న. ఈ కథలో దిగులుపడినవాడు మామూలు మనిషి కాదు, వేదాలను విభజించినవాడు, భారతం చెప్పినవాడు. భాగవతం మొదటి స్కంధం కూడా ఆయన్ను అలాగే చూపిస్తుంది. అంత పని చేశాక కూడా ఏదో వెలితి, ఎందుకో తెలియని దిగులు. నారదుడు వచ్చి అడిగేదాకా ఆ వెలితికి పేరు పెట్టడం ఆయనకే చేతకాలేదు. అంటే మన సంప్రదాయం నిస్పృహను పాపంగానో అజ్ఞానంగానో తోసెయ్యలేదు. అన్నీ తెలిసినవాడికే దాన్ని అంటగట్టింది. బాసర కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ పిడికిళ్ల లెక్క. ఒక్కరోజులో తట్టల కొద్దీ ఇసుక మోసుకొచ్చి విగ్రహం నిలబెట్టలేదు. రోజుకు మూడు పిడికిళ్లే. ఎప్పటికి పూర్తవుతుందో కథ ముందుగా చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ దానికి లేదు. మనసు బాగుపడ్డాక పని మొదలుపెడదామని వ్యాసుడు ఆగలేదు. మనసు బాగాలేకుండానే ఏటికి వెళ్లాడు. ఇవాళ వసంత పంచమికి పిల్లల్ని చంకనేసుకుని వచ్చి బియ్యంలో అక్షరాలు దిద్దించే వేలమందికి ఆ గుడి చదువుల తల్లి గుడి. దాని వెనక కథ మాత్రం చదువంతా అయిపోయాక కూడా దారి తోచని ఒక పెద్దాయనది.

దిగులుతో పని చేసుకుంటూ పోవడం ఒక పక్క. మరి దేవుణ్ని నిలదీయడం? తెలుగువాళ్లకు దీనికి రామదాసును మించిన సాక్షి దొరకడు. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉండి, వసూలు చేసిన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, తానీషా కొలువులో నేరస్తుడై గోల్కొండ బందీఖానాకు వెళ్లాడు. పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ కాలపు పాటలుగా మనం పాడుకునేవాటిని భక్తి అనే పేరు పక్కన పెట్టి ఒకసారి వినండి. ఏ నగ ఎవరి కోసం చేయించాడో, దానికి ఎంత అయిందో పద్దు చదివినట్టు రాముడి మొహం మీదే చదువుతాడు. దెబ్బలు తాళలేక తిడతాడు. తిట్టినందుకు మళ్లీ తానే నొచ్చుకుని క్షమించమంటాడు. సీతమ్మను మధ్యవర్తిగా రమ్మంటాడు. తన శిక్షకు ఒక గొప్ప అర్థం ఉందని ఆయన సర్దిచెప్పుకోవడం ఆ పాటల్లో పెద్దగా వినిపించదు. వినిపించేది పిలుపే, అదీ ఆపకుండా. దేవుడి మీద నమ్మకం పోయినవాడు ఇంతగా తిట్టడు, మొహం తిప్పుకుంటాడు. తిట్టు వినేవాడు అవతల ఉన్నాడని గట్టిగా నమ్మినవాడికే అంత నోరు వస్తుంది. మన గుళ్లలో కల్యాణాలకు ఈ పాటలు మైకుల్లో పెట్టి, అదే గుడి ఆవరణలో కష్టం చెప్పుకున్న మనిషిని అట్లా అనకూడదు, దేవుడికి కోపమొస్తుంది అని మందలించడం చూస్తే, మనం ఆ పాటల రాగమే విన్నాం గానీ మాట వినలేదనిపిస్తుంది.

ఇక్కడ ఎవరైనా అడ్డు తగలవచ్చు. రామదాసు చివరికి విడుదలయ్యాడు కదా, రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపించారని కథ చెబుతోంది కదా, మరి ఆలస్యం వెనక ఒక ఏర్పాటు ఉందనడంలో తప్పేముంది? ఈ ప్రశ్న బలమైనదే. దీనికి జవాబు వెతకాలంటే, పురాణం కాని, తేదీలతో సహా నమోదైన ఒక తెలుగు ఉదంతాన్ని చూడటం మేలు. అమెరికన్ బాప్టిస్టులు పంపిన శామ్యూల్ డే 1836లో తెలుగు ప్రాంతానికి చేరాడు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు గుప్పెడు మందే. అమెరికాలో మిషన్ పెద్దలు దీన్ని మూసేద్దామా అని ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చర్చించారు. 1853లో అలా చర్చ జరిగినప్పుడు శామ్యూల్ స్మిత్ ఆ మిషన్‌ను ఒంటరి నక్షత్రంగా పోలుస్తూ ఒక కవిత రాశాడు, ఆ పేరే దానికి నిలిచిపోయింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్, మరికొందరు ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. 1866లో మరో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. ఆ తర్వాత 1876–78 కరువు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని క్లౌ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ కథను ఇప్పటికీ చర్చిల్లో చెబుతారు, నలభై ఏళ్ల ఆలస్యానికి దేవుడిచ్చిన జవాబుగా చెబుతారు.

నాకు ఈ కథ మీద గౌరవం ఉంది. దాని నుంచి తీసే పాఠం మీద మాత్రం అనుమానం ఉంది. మొదటి కారణం సులువుగానే తడుతుంది. ఈ కథ చివరి నుంచి మొదటికి చెప్పిన కథ. మూసేసిన మిషన్ల కథలు, వాన చివరిదాకా రాని ఏళ్ల కథలు, జైల్లోనే చనిపోయిన గోపన్నల కథలు ఎవరూ వేదిక మీద చెప్పరు. గెలిచినవాటినే ఏరుకుని నియమం కడితే ఆ నియమం ఓడినవాళ్లను దోషులను చేస్తుంది. నీకు ఫలితం రాలేదంటే నువ్వు సరిగ్గా నమ్మలేదన్నమాట అనేదాకా వెళ్తుంది. రెండో కారణం దీనికన్నా లోతైనది. ఆలస్యం అంటే ఎవరి గడియారంలో ఆలస్యం? మిషనరీలు తాము ఓడ దిగిన రోజు నుంచి లెక్కపెట్టారు. 1866లో క్లౌ దగ్గరికి వచ్చిన మొదటివాళ్లలో ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తాళ్లకొండపాడు మాదిగ ఆయన, అంతకుముందే గురువుల వెంట తిరిగి సాధన చేసినవాడు. ఆయన మనుషులు మర్యాద కోసం, ఊరి మధ్యకు వచ్చే హక్కు కోసం ఎదురుచూసిన కాలం నలభై ఏళ్లా? ఎన్ని తరాలో. ఒక సంస్థ కంటికి సుదీర్ఘ పరీక్షగా కనిపించిన కాలం, వాళ్ల లెక్కలో చిట్టచివరి నాలుగు రోజులు. అలాంటప్పుడు ఆ నలభై ఏళ్లకు ఒక దైవకారణం చూపించేవాడు, ఆ తరాలన్నిటికీ కూడా కారణం చూపించాలి. చూపించడానికి నోరు రాకపోతే మొదటిదానికీ ఊరుకోవడం న్యాయం.

అసలైన అభ్యంతరం ఇక్కడి నుంచే పుడుతుంది. నమ్మకం, ఓర్పు అన్న మాటలు ఈ దేశంలో ఎవరికి ఎక్కువగా చెప్పారు? కింద ఉన్నవాళ్లకే. దీన్ని భైంసా వైపు నుంచి చూడటం ఇంకా సబబు. 1956లో రాష్ట్రాల పునర్విభజన దాకా భైంసా ఉన్న ముథోల్ తాలూకా నాందేడ్ జిల్లాలో ఉండేది. ఈనాటికీ ఇక్కడి పల్లెల్లో మరాఠీ మాట, విఠలుడి భజన, హరినామ సప్తాహం మామూలు విషయాలు. పండరి దారి ఈ ప్రాంతానికి పరాయిది కాదు. ఆ దారిలోనే చోఖామేళా ఉన్నాడు. 14వ శతాబ్దపు సంత్, అంటరానిదిగా చూసిన మహార్ కులస్తుడు. విఠలుణ్ని అంతగా ప్రేమించినవాడికి గుడి లోపలికి వెళ్లే వీలు లేదు. 1338లో మంగళవేఢలో గోడ కూలి చనిపోయాడు. సమాధి పండరిపురం గుడి మహాద్వారం దగ్గర, బయటే కట్టారు. దళితులకు ఆ గుడి తలుపులు తెరుచుకున్నది 1947 మేలో, సానే గురూజీ నిరాహార దీక్ష చేశాక. ఆరు వందల ఏళ్లు దాటిన నిరీక్షణ అది. అదే గోదావరి మీద, బాసరకు ఎగువన, నాసిక్‌లో కాలారామ్ గుడి ఉంది. అంబేడ్కర్ నాయకత్వంలో 1930 మార్చి 2న అక్కడ ప్రవేశ సత్యాగ్రహం మొదలై దాదాపు ఐదేళ్లు నడిచింది. తలుపు తెరుచుకోలేదు. 1935లో యేవలాలో ఆయన హిందువుగా చావనని ప్రకటించాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించాడు. భక్తి సంతుల గురించి ఆయన విమర్శ పదునైనది. వాళ్లు మనిషికీ దేవుడికీ మధ్య సమానత్వం గురించి మాట్లాడారు గానీ మనిషికీ మనిషికీ మధ్య పోరాటం పట్టించుకోలేదన్నాడు. అదే అంబేడ్కర్ 1948లో అస్పృశ్యుల మీద రాసిన పుస్తకాన్ని అంకితమిచ్చిన ముగ్గురిలో చోఖామేళా ఒకడు. ఈ రెండింటినీ కలిపి చదవాలి.

ఈ అభ్యంతరానికి నేను పూర్తిగా తలవంచుతాను, ఒక్క అడుగు దగ్గర తప్ప. పండరిలో తలుపు మూసింది ఎవరు? విఠలుడు కాదు, అక్కడి పూజారి కుటుంబాలైన బడవేలు, ఉత్పాతులు, వాళ్ల వెనక ఉన్న సమాజం. ఆ ఆరు వందల ఏళ్లను దేవుడి ఆలస్యం అనడమే మొదటి తప్పు. కారణాలు చెప్పే అలవాటులోని అతిపెద్ద ప్రమాదం ఇదే. మనుషులు చేసిన జాప్యాన్ని అది దేవుడి ఖాతాలోకి బదిలీ చేస్తుంది. మార్కెట్ యార్డులో పత్తి బండ్లు రోజుల తరబడి నిలబడితే అది దైవనిర్ణయం కాదు. కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. తేమ కొలిచే యంత్రం ముందు ఉదయపు మంచులో తడిసిన పత్తితో నిలబడ్డ రైతుకు దేవుడు పరీక్ష పెడుతున్నాడు అని చెప్పడం, చెప్పినవాడికి తెలియకపోయినా, కొనుగోలు కేంద్రం తరఫున చేసిన వాదనే. సుద్దవాగు మీద గడ్డెన్న ప్రాజెక్టు ఉంది. దాని నీళ్లు అందని చేన్లూ ఉన్నాయి. అందకపోవడానికి కారణాలు కాగితాల్లో దొరుకుతాయి, వాటికి జవాబు చెప్పాల్సిన కుర్చీలు ఉంటాయి. చివరికి వానను కూడా ఇక పూర్తిగా దేవుడి చేతి మీదకు నెట్టెయ్యలేం, వాతావరణం మారడంలో మనుషుల వాటా ఎంతో ఇప్పుడు తెలుసు. కాబట్టి నమ్మకానికి మొట్టమొదట కావాల్సింది ఓర్పు కాదు, ఖాతాలు వేరుచేసే తెలివి. దేవుణ్ని నమ్మడమంటే ద్వారపాలకుణ్ని నమ్మడం కాదు. చోఖామేళా పాటల్లో అంటు గురించి నిలదీత ఉంది, ఆయన భార్య సోయరాబాయి పాటల్లోనూ ఉంది. వాళ్లు తలుపు న్యాయమని ఒప్పుకోలేదు, తలుపు అవతలివాడు తమవాడే అన్నారు. అది సరిపోయిందా? సరిపోలేదు. సరిపోలేదు కాబట్టే అంబేడ్కర్ అవసరమయ్యాడు.

సరే, కారణం చెప్పకూడదు, మనుషుల తప్పులు దేవుడి మీద వెయ్యకూడదు, ఫలితం వస్తుందన్న హామీ కూడా లేదు. ఇవన్నీ తీసేశాక మిగిలినదాన్ని దేవుడి మీద నమ్మకం అని ఎందుకు పిలవాలి? 1950లో ఆంటొనీ ఫ్లూ అనే తత్వవేత్త ఇదే ప్రశ్నను ఒక తోటమాలి కథతో అడిగాడు. ఒక తోటకు కనిపించని తోటమాలి ఉన్నాడని ఒకడు అంటాడు. కాపు కాస్తే రాడు, కంచె వేస్తే తగలడు, కుక్కలు పసిగట్టవు. అయినా ఉన్నాడు, కానీ కనిపించడు, వినిపించడు, తాకడు అని సర్దుకుంటూ పోతే, అలాంటి తోటమాలికీ అసలు తోటమాలి లేకపోవడానికీ తేడా ఏమిటని ఆయన వాదన. ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరని నమ్మకం దేని గురించీ ఏమీ చెప్పని నమ్మకమే కదా అని. సర్దుబాట్లతో బతికే నమ్మకానికి ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది, తగలాలి కూడా. కానీ ఫ్లూ నమ్మకాన్ని ఒక సిద్ధాంతంగా చూశాడు, రుజువులు కూడితే నిలిచేది, తీసేస్తే కూలేది. యోబు, యాకూబ్, గోపన్న చేసింది సిద్ధాంతానికి కాపలా కాదు. వాళ్లు సర్దుకోలేదు. రుజువులు తమకు వ్యతిరేకంగా ఉన్నాయని అందరికన్నా గట్టిగా వాళ్లే అరిచారు. వాళ్లది ఒకరితో ఉన్న సంబంధం. సంబంధంలో నమ్మకం కూడా విరగొచ్చు, దానికీ హద్దు ఉంటుంది, కానీ ఆ హద్దు ఎక్కడుందో పక్కన నిలబడి లెక్క వేసేవాడికి తెలియదు.

దేవుణ్ని నమ్మనివాడు కూడా రెండోసారి విత్తనం పెడతాడు, మూడోసారీ పెడతాడు. ఆ పట్టుదలలో నమ్మినవాడికి తక్కువేం కాదు. కష్టం తట్టుకునే బలం దేవుడి వల్లే వస్తుందని నేననను. అలా అంటే ఎదురింటి నాస్తికుడు నవ్వుతాడు, నవ్వడంలో న్యాయం ఉంది. నమ్మకం ఇచ్చేది వేరే. పత్తి నేలల్లో చెడిన పంట ఒక్క అప్పుగా మిగలదు, మనిషి మీద తీర్పుగా మారుతుంది. నాలుగు ఎకరాలు సరిగ్గా చెయ్యలేకపోయాడు, చేతకానివాడు అని ఊరు అనకముందే తనకు తానే అనుకుంటాడు. ఆదిలాబాద్ పల్లెల్లో పత్తి రైతుల ఆత్మహత్యల గురించి రాసిన వార్తల్లో అప్పు అంకె ఉంటుంది, ఈ అవమానం లెక్క ఉండదు. ఫలితం నీ విలువకు కొలత కాదు, నీ గోడు వినేవాడొకడున్నాడు, ఆయన ముందు నువ్వు చేతకానివాడిగా నిలబడనక్కర్లేదు అన్నది నమ్మకం చెప్పే మాట. కర్మ అనే జవాబు చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది మాడిన మొలకను తీసుకొచ్చి నీ గత జన్మ మీద సాక్ష్యంగా నిలబెడుతుంది. కర్మ సిద్ధాంతంలో లోతైన తత్వం ఉండొచ్చు. పంట పోయిన ఇంటి గుమ్మంలో నిలబడి పలికితే మాత్రం అది ఎలీఫజు మాటే.

ఈ ప్రాంతంలో ఇంకో అలవాటు ఉంది. శాస్త్రం పేరు పెట్టకపోయినా, నా వాదనకు అది వ్యాసుడి కథ అంత ఆధారం. ఆషాఢ ఏకాదశికి పండరికి నడిచేవాళ్లలో ఎక్కువమంది రైతులే, విత్తనం పెట్టేసి బయల్దేరతారు. వాన గట్టిపడ్డాక వెళ్దామనుకుంటే ఏకాదశి దాటిపోతుంది. విత్తకుండా వెళ్తే అదను దాటిపోతుంది. అందుకని తమ చేతిలో ఉన్నది చేసేసి, చేతిలో లేనిదాన్ని వెనక చేన్లో వదిలి నడుస్తారు. కొన్నేళ్లు తిరిగొచ్చేసరికి పచ్చగా ఉంటుంది, కొన్నేళ్లు మళ్లీ విత్తాల్సి వస్తుంది. పచ్చగా లేకపోయినా మరుసటి ఏడాది దిండి, అంటే ఆ నడక బృందం, ఆగదు. వాళ్లు చూడబోయే దేవుడి కథ కూడా ఎదురుచూపు కథే, కాకపోతే తిరగేసింది. పుండలీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండగా భగవంతుడే గడప దగ్గరికి వచ్చాడు. చేస్తున్న పని వదల్లేక, కాస్త ఆగమని ఇటుక విసిరాడు. దేవుడు దాని మీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, ఇంకా నిలబడే ఉన్నాడని పండరికి నడిచే వార్కరీల నమ్మకం. దేవుడు ఆలస్యం చేస్తాడన్న ఫిర్యాదుకు ఈ కథ జవాబు చెప్పదు. ముసలి తల్లిదండ్రుల కాళ్లు పట్టేవాడు దేవుణ్ని నిలబెట్టినా తప్పు లేదంటుంది, అంతే. దీన్ని నియమంగా తీసుకుంటే, వాన రాని ఆషాఢంలో భజనకు రాకుండా అప్పుల కోసం తిరుగుతున్న మనిషిని, మందు కొనడానికి నిర్మల్ దాకా పోయినవాణ్ని, మార్కెట్ యార్డు ముందు ధర్నాలో కూర్చున్నవాణ్ని భక్తి తగ్గిందని అనే హక్కు ఎవరికీ ఉండదు.

ఇంత చెప్పినా, కొందరికి నమ్మకం తిరిగి రాదు. మూడో విత్తనం కూడా మాడిన ఏడు దేవుడి పటం గోడ మీద నుంచి దించినవాళ్లు ఉంటారు. దానికి కూడా నా దగ్గర కారణం లేదు. చోఖామేళా తలుపు బయట ఉండిపోయాడు, అంబేడ్కర్ తలుపు దగ్గర నుంచి వెళ్లిపోయాడు. మొదటివాడిది భక్తి, రెండోవాడిది అవిశ్వాసం అని పంచిపెట్టడం నాకు చేతకాదు. ఇద్దరూ ఒకే తలుపు అన్యాయమన్నారు. ఉండిపోయినవాణ్ని చూపించి వెళ్లిపోయినవాణ్ని దెప్పేవాడు, నా లెక్కలో, దేవుడి కన్నా తలుపుకే ఎక్కువ దగ్గర.